నా చీటీ నాకే

శిబిరం, కొండ మీది బస, పై మంచం
మొదటి వారం

కట్టుడు పళ్ళ మావయ్యకి,

ముందుగా ప్రభువు నామంలో వందనాలు. ఇది అమ్మ కోసం. ఇక్కణ్ణుంచి రాసే ప్రతి ఉత్తరం ఇలాగే మొదలవ్వాలని బస్సెక్కేముందు నా చేత మాట తీసుకుంది. వందనాలు అయిపోయాయి కాబట్టి ఇక నీ పిట్ట మామూలుగా మాట్లాడుతుంది.

మావయ్యా, నన్నిక్కణ్ణుంచి తీసుకుపో.

దిగీ దిగగానే ఫోన్లు లాక్కున్నారు. అన్నీ ఒక పాత బిస్కెట్ల డబ్బాలో వేసి, మూత చుట్టూ టేపు తిప్పి, పాస్టరు గారు తన మంచం కింద పెట్టుకున్నారు. ఇంట్లోవాళ్ళకి ఏమైనా చెప్పుకోవాలంటే ఉత్తరం రాయాలట. పాలు, కూరగాయలు తెచ్చే వ్యాను పట్టుకెళ్తుందట. నాన్నకి రాస్తే అమ్మకి చూపిస్తాడు. అమ్మకి రాస్తే సంఘం మొత్తానికి చదివి వినిపిస్తుంది. మన ఇంట్లో చర్చికి రాని మనిషివి నువ్వొక్కడివే. నీకు చెబితే అది ప్రార్థన కూటానికి చేరదు.

మా గదిలో అన్నీ రెండంతస్తుల మంచాలు. నా కింది మంచం పిల్లని అందరూ దోమ అంటారు. పొద్దస్తమానం చెవి దగ్గర ఏదో ఒకటి పాడుతూనే ఉంటుంది, అది కూడా శ్రుతి లేకుండా. గదికి పెద్ద దిక్కుగా కాలేజీ చదివే ఒకావిడ ఉంది, గది అక్క అంటాం. ఆవిడ ఏ మాటైనా "మనసు విప్పి చెప్పు" అనే మొదలుపెడుతుంది. పొద్దున్న నేను పళ్ళు తోముకుంటుంటే వచ్చి "ఎలా ఉన్నావు, మనసు విప్పి చెప్పు" అంది. నోటినిండా నురగతో మనసెలా విప్పను?

అసలు గొడవ ఇది కాదు. ఇక్కడ రహస్య నేస్తం అని ఒక పద్ధతుంది, నీకు గుర్తుండే ఉంటుంది. మొదటి రోజు అందరి పేర్లూ చీటీల మీద రాసి టోపీలో వేస్తారు. ఎవరి చీటీ వస్తే వాళ్ళ కోసం రోజూ ప్రార్థన చేయాలి, వాళ్ళకి తెలియకుండా చిన్న చిన్న సాయాలు చేయాలి, దిండు కింద ఏదో ఒకటి పెట్టాలి. ఆఖరి సాయంత్రం మంట చుట్టూ కూర్చున్నాక లేచి నిలబడి "నీ నేస్తాన్ని నేనే" అని చెప్పాలి. అలా చెప్పేదాకా ఆట ముగిసినట్టు కాదు.

నా వంతు వచ్చింది. తీశాను. నా పేరే వచ్చింది. తిరిగి వేసేద్దామని నోరు తెరిచేలోపు పాస్టరు గారు ఈల ఊది, "మీ చేతికొచ్చిన చీటీ దేవుడు పెట్టింది. మార్చమని ఎవరూ అడగొద్దు" అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. అందరితోపాటు నేనూ అనేశాను. ఒకసారి ఆమేన్ అన్నాక ఇంకేం మాట్లాడతాం?

అంటే ఈ శిబిరం మొత్తంలో ఎవరూ ప్రార్థన చేయని మనిషిని నేనొక్కదాన్నే. నాకు నేనే దిక్కు.

ఇంకొకటి కూడా చెబుతాను, నవ్వకు. సాయంత్రం ఆరాధనలో పాటలు పాడేటప్పుడు చుట్టూ అందరూ ఏడుస్తారు. దోమ అయితే చెంపల నిండా కన్నీళ్ళతో తప్పుడు రాగం తీస్తుంది. నాకు మాత్రం రావట్లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని చూశాను. రాలేదు. అమ్మ "మారి రా" అని పంపింది. ఇలాగే తిరిగొస్తే ఆవిడ మొహం ఎలా అయిపోతుందో తలుచుకుంటే భయంగా ఉంది. నువ్విక్కడికి వచ్చావు కదా, నీకు ఏడుపొచ్చిందా?

పిట్ట


పళ్ళ గది, కిటికీ పక్క బల్ల

పిట్టకి,

నీ ఉత్తరం గట్టిగా చదివాను. నేను చేసి బల్ల మీద ఆరబెట్టిన కట్టుడు పళ్ళ సెట్లన్నీ ఇకిలించి విన్నాయి. వాటికి నీ మీద జాలి వేసినట్టు లేదు.

వెళ్ళి గది అక్కతో చెప్పెయ్యి. ఇంకో చీటీ ఇస్తారు. నువ్వు చెప్పవని నాకు తెలుసు. మీ అమ్మ మొండితనంలో సగం నీకొచ్చింది, తక్కిన సగం కూడా ఎప్పుడో వస్తుంది.

ఇక నా సంగతి. నేనూ మీ అమ్మా ఆ కొండ మీదే వేసవులు గడిపాం. మొదటి ఏడు నేను రక్షణ పొందాను. రెండో ఏడు మళ్ళీ ముందుకెళ్ళి మోకరించాను. అప్పటి పాస్టరు గారు నా భుజం మీద చెయ్యేసి, "బాబూ, నువ్వు పోయినేడు పొందావు కదా" అన్నారు. "ఇంటికెళ్ళాక పోయిందండి" అన్నాను. మూడో ఏడు ఆఖరి సాయంత్రం కుండపోతగా వాన. మంట వెలగలేదు. పొద్దున్నే బస్సులెక్కించి పంపేశారు. నా చీటీ ఎవరికి వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలీదు. పరమ బద్ధకస్తుడై ఉంటాడు. అన్ని రోజుల్లో నాకొచ్చింది ఒక సాక్సుల జత, ఒక ముక్క కాగితం. మీ అమ్మ కూడా ఏటా నా పుట్టినరోజుకి ఊలు సాక్సులే పంపుతుంది. నన్ను చూస్తే జనానికి కాళ్ళే కనిపిస్తాయేమో.

ఏడుపొచ్చింది. బాగా వచ్చింది. కానీ దాన్ని బట్టి ఏదీ తేల్చుకోకు. పక్కవాడు ఆవులిస్తే మనకీ ఆవులింత వస్తుంది. పైగా నా ఏడుపులు ఏమయ్యాయో చూడు. ఇంటికొచ్చాక ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కట్టుడు పళ్ళు తీసి గ్లాసు నీళ్ళలో వేసి మర్చిపోయేవాళ్ళుంటారు కదా, అలా నా విశ్వాసాన్ని ఎక్కడో పెట్టి మర్చిపోయాను. ఎవరి మీదా కోపం లేదు. ఆదివారాలు పళ్ళ అచ్చుల ప్లాస్టర్ ఆరబెట్టుకుంటాను, అంతే.

అన్నట్టు, గరిటెతో పళ్ళెం కొట్టి పిల్లల్ని తిండికి పిలిచే వంటావిడ ఇంకా ఉందా? నీ దిండు ఏ వైపు ఉంటుంది, కిటికీ వైపా తలుపు వైపా? కిటికీ గాలి మంచిది కాదని అడుగుతున్నాను.

మావయ్య


శిబిరం, పై మంచం
రెండో వారం

మావయ్యకి,

వందనాలు.

వంటావిడ ఉంది. గరిటె కూడా అదే అయ్యుంటుంది, వంకరపోయింది. దిండు కిటికీ వైపే.

నా తిప్పలు విను. గదిలో అందరికీ దిండు కింద ఏదో ఒకటి వస్తోంది. ఒకరికి రంగు రాయి, ఇంకొకరికి పూలు, దోమకి గొంతు బిళ్ళలు. దాని నేస్తం ఎవరో గానీ బుద్ధిమంతురాలు. నాకు మాత్రం ఏమీ రాకపోతే అనుమానం వస్తుంది కదా. అందుకని నా తలపిన్ను నా దిండు కిందే పెట్టుకున్నాను. పొద్దున్నే దిండెత్తి "అయ్యో, ఎవరు పెట్టారబ్బా" అని గది అంతా వినిపించేలా ఆశ్చర్యపోయాను. మర్నాడు నా రబ్బరు. ఆ మర్నాడు నా బిస్కెట్టే, నేనే దాచుకున్నది. ప్రతిసారీ ఆశ్చర్యపోయి పోయి దవడ నొప్పెడుతోంది.

ఇప్పుడు అసలు విషయం. ఇవాళ దిండెత్తాను. కింద ఒక ఆపిల్. నేను పెట్టలేదు. దాని కింద మడిచిన కాగితం. పెద్ద పెద్ద అక్షరాలతో "నిన్ను మర్చిపోలేదు" అని ఉంది.

నా చీటీ నా చెప్పుల పెట్టెలో ఉంది మావయ్యా. తీసి చూసుకున్నాను. నన్ను ఎవరూ తీయలేదు. తీసే వీలే లేదు. మరి ఎవరు పెట్టినట్టు? ఈసారి ఆశ్చర్యపోవడం కూడా మర్చిపోయి మంచం మీద కూలబడ్డాను. దోమ కింది నుంచి తల పైకెత్తి "ఏమొచ్చింది" అంది. "ఆపిల్" అన్నాను. అదో రకంగా చూసింది.

ఆపిల్ తినలేదు. తినాలనిపించలేదు.

పిట్ట


పళ్ళ గది

పిట్టకి,

ఆపిల్ తినేసెయ్. దాచుకుంటే కుళ్ళిపోతుంది. ఎవరో మంచివాళ్ళు పెట్టారనుకో, అంతకన్నా దూరం వెళ్ళకు.

నిన్న ఒక రిటైరైన మాస్టారు కొత్త సెట్టు పెట్టుకుని చూసుకోవడానికి నేను సెట్లు చేసిచ్చే పళ్ళ డాక్టరు గారి గదికి వచ్చారు. అద్దంలో చూసుకుని, "నేను ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను, వీటికేమైంది ఇలా నవ్వుతున్నాయి" అన్నారు. కొంచెం తక్కువ నవ్వేలా సరిచేస్తున్నాను.

పాదాలు జాగ్రత్త. కొండ నడకలో కొత్త బూట్లు వేసుకోకు.

మావయ్య


శిబిరం, చెట్ల కింద బల్ల
మూడో వారం దాటాక

ప్రియమైన మావయ్యకి,

ప్రభువు నామంలో వందనాలు. ఈసారి అమ్మ కోసం కాదు.

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియట్లేదు. ఆపిల్ తర్వాత నా బూటు లేసు తెగింది. సాయంత్రానికి బూటులో కొత్త లేసు ఉంది. కొండ నడకలో మడమ బొబ్బెక్కి నేను అందరికన్నా వెనకపడిపోయాను. కుంటుతూ వచ్చి పడుకుంటే పొద్దున్న బూటులో బొబ్బకి అంటించే పట్టీ ఉంది. టార్చి వెలగడం మానేసింది. ఎవరికీ చెప్పలేదు, నీ మీదొట్టు. మర్నాడు కొత్త బ్యాటరీలు వేసి ఉన్నాయి. మొన్న ఎందుకో అమ్మ గుర్తొచ్చి గోడ వైపు తిరిగి ఏడుస్తూ పడుకున్నాను. లేచేసరికి నా మీద ఇంకో దుప్పటి ఉంది.

నాకు ఎవరూ లేరనుకున్నాను మావయ్యా. నా పేరు ఏ మనిషి చేతికీ వెళ్ళలేదు, నాకే తెలుసు కదా. మరి నా బొబ్బ సంగతి, టార్చి సంగతి, ఏడుపు సంగతి ఎవరికి తెలుసు? నాకు ఒక్కటే జవాబు కనిపిస్తోంది. నా చీటీ ఆయన తీసుకున్నాడు.

నిన్న ఆరాధనలో పాట మొదలవ్వగానే నాకు ఏడుపొచ్చింది. ఆవులింత కాదు. నేను పక్కవాళ్ళని చూడనేలేదు.

ఆఖరి సాయంత్రం మంట దగ్గర ఇదంతా సాక్ష్యంగా చెబుతాను. పాస్టరు గారితో అన్నాను, ఆయన నన్నే ఆఖర్న మాట్లాడమన్నారు. అందరికన్నా ముందు నీకు తెలియాలని రాస్తున్నాను. ఇంకో మాట, కోప్పడకు. నువ్వు గ్లాసులో పెట్టి మర్చిపోయానన్నావు. నువ్వు మర్చిపోయినా ఆయన నిన్ను మర్చిపోలేదు. నీ కోసం కూడా ప్రార్థన చేస్తున్నాను.

నీ పిట్ట


పళ్ళ గది
వ్యాను డ్రైవరు చేతికి స్వయంగా ఇచ్చాను

పిట్టా,

ఇది చదివేముందు కూర్చో.

ఆపిల్ నేను పెట్టించాను. ఆ కాగితం కూడా. నీ మొదటి ఉత్తరం అందిన రోజే వంటావిడకి చిన్న చీటీ రాశాను, "దోమ అనే పిల్ల పై మంచంలో ఉన్నది మా అక్క కూతురు, అప్పుడప్పుడు దాని దిండు కింద ఏదైనా పెట్టండి" అని. నీకు ఎవరూ లేరని నువ్వు రాస్తే నాకు అన్నం దిగలేదు. కాగితం మీద ఏం రాయించాలో తోచక, నాకప్పుడు సాక్సులతో వచ్చిన మాటే రాయమన్నాను. తక్కిన లేసూ పట్టీలూ దుప్పట్లూ ఆవిడే మనసుకొద్దీ కలిపినట్టుంది.

చెప్పకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నిజం. నీ ఉత్తరం చదివి గది తలుపేసి కూర్చున్నాను. ఇంత సంతోషంగా నువ్వెప్పుడూ రాయలేదు. నా కోసం ప్రార్థన చేస్తున్నానని నాతో ఎవరైనా అని ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు. ఊరుకుంటే ఎవరికి నష్టం అనుకున్నాను.

కానీ నా పని నాకు అలా నేర్పలేదు. పళ్ళు ముందు మైనంలో పేర్చి మనిషి నోట్లో పెట్టి కొరికించి చూస్తాం. తేడా ఉందని తెలిసి కూడా గట్టి చేసేస్తే ఆ మనిషి జీవితాంతం ఆ వైపు నమలడు. నువ్వు రేపు అంతమంది ముందు నిలబడేది నేను పెట్టించిన ఆపిల్ మీద. అది నీకు ఎప్పుడైనా ఎవరి నోటైనా తెలుస్తుంది. అప్పుడు అసలు దేవుడి మీదే నమ్మకం పోతుంది నీకు. ఆయన ఉన్నాడో లేడో నేను చెప్పలేను. ఆయన సంతకం నేను పెట్టడం మాత్రం తప్పు.

తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు.

మావయ్య


శిబిరం
ఆఖరి రోజు, మధ్యాహ్నం

కట్టుడు పళ్ళ టెక్నీషియన్ గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు చెప్పినట్టు కూర్చునే చదివాను.

మీరు చాలా శ్రమ తీసుకున్నందుకు ధన్యవాదాలు. పాస్టరు గారు నా పేరు ఆఖర్న రాసుకున్నారు. మంట వేయడానికి కట్టెలు పేరుస్తున్నారు. నేనేం చేయాలో కూడా మీరే రాసి ఉంటే బాగుండేది.

మీ కోసం చేస్తున్న ప్రార్థన ఇవాళ్టికి ఆపాను.

ఇట్లు,
మీ అక్కగారి అమ్మాయి


పళ్ళ గది

పిట్టకి,

ఇంటికి చేరావని మీ అమ్మ ఫోన్ చేసింది. "పిల్ల మారి వచ్చింది, అసలు మాట్లాడట్లేదు, ఇంత నెమ్మది ఎక్కణ్ణుంచి వచ్చిందో" అని సంతోషపడుతోంది. నేను "స్తోత్రం" అన్నాను. ఆవిడ గాభరా పడి నాకు జ్వరమా అని అడిగింది.

నన్ను "మీరు" అనకు. ఆ ఒక్కటీ తట్టుకోలేకపోతున్నాను.

మావయ్య


పళ్ళ గది

పిట్టకి,

మొన్న రాసింది అందలేదేమోనని మళ్ళీ రాస్తున్నాను. అందిందని నాకు తెలుసు.

మాస్టారు సెట్టు పట్టుకెళ్ళారు. ఇప్పుడు సరిగ్గా ఆయన నవ్వినంతే నవ్వుతున్నాయి. నీకు చెప్పాలనిపించింది.

మావయ్య


మా ఇల్లు, వంటగది బల్ల
బడి తెరిచాక

మావయ్య గారికి,

వందనాలు.

మీకు ఇంకా పూర్తిగా క్షమాపణ దొరకలేదు. కానీ మంట దగ్గర ఏం జరిగిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేక కడుపు ఉబ్బిపోతోంది. నువ్వు తప్ప వినేవాళ్ళు లేరు. చూశావా, నువ్వు అని రాసేశాను. కొట్టేయడానికి బద్ధకం, ఉండనీ.

నీ ఉత్తరం పట్టుకుని ముందు వంటింటికి వెళ్ళాను. వంటావిడ బంగాళదుంపలు తొక్క తీస్తోంది. నీ పేరు చెప్పగానే "ఆ తిండిపోతు మేనకోడలివా" అంది. ఆపిల్, కాగితం, లేసు తనే పెట్టానంది. పట్టీ, బ్యాటరీలు, దుప్పటి సంగతి అడిగితే తొక్క తీయడం ఆపింది. "అవి నేను కాదమ్మా. నా నడుముతో నీ పై మంచం ఒకసారి ఎక్కడమే గగనమైంది" అంది.

సాయంత్రమైంది. ఒకరి తర్వాత ఒకరు లేచి "నీ నేస్తాన్ని నేనే" అని చెప్పుకుని కౌగిలించుకుంటున్నారు. ఆఖరికి పాస్టరు గారు నా వైపు చూశారు. లేచాను. నేను బాగా రిహార్సల్ చేసుకున్న సాక్ష్యం మొదటి మాట కూడా నోటికి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. నా చీటీ నాకే వచ్చిందని, సిగ్గుపడి చెప్పలేదని, నా తలపిన్ను నేనే పెట్టుకుని ఆశ్చర్యపోయానని. ఆపిల్ వస్తే దేవుడే అనుకున్నానని, తీరా అది మా మావయ్య అని. "నేనేం నమ్ముతున్నానో నాకిప్పుడు తెలీదు. కానీ అబద్ధం చెప్పి ఇంటికెళ్ళాలని లేదు" అని కూర్చున్నాను.

మనసు విప్పమని నెలంతా వెంటపడిన గది అక్క కూడా నోరు విప్పలేదు. అప్పుడు దోమ నవ్వింది. గట్టిగా, ఆపుకోలేక నవ్వింది. "సొంత తలపిన్ను చూసి అంతలా అరిచేదాన్ని నేనెక్కడా చూడలేదు. మొదటి రోజే తెలిసిపోయింది" అంది. పట్టీ అదే పెట్టింది. బ్యాటరీలు తన టార్చిలోవి. దుప్పటి తనది, ఆ పూట అది స్వెట్టర్ వేసుకుని పడుకుంది. దాని చీటీలో వచ్చింది పక్క గది పిల్లట. దానికి చేయాల్సింది దానికి చేస్తూ, నాకు కూడా చేసింది. ప్రార్థన కూడా చేసిందట, నా పేరు పెట్టి, రోజూ, ఆ తప్పుడు రాగంలోనే.

"మరి నాతో ఎందుకు చెప్పలేదే" అన్నాను.

"చెబితే నీ తలపిన్ను నాటకం ఆపేసేదానివి. నాకు పొద్దున్నే లేవడానికి అదొక్కటే సరదా" అంది.

నాకు నవ్వొచ్చి, ఏడుపొచ్చి, రెండూ ఒకేసారి వచ్చాయి. పాస్టరు గారు ఈల మెడలోంచి తీసి చేతిలో పట్టుకున్నారు. "చీటీలు కలిపింది నేను. ఎవరి పేరు వాళ్ళకే వచ్చిందా అని ఒక్క మాట అడగాల్సింది. ఆ మాట అనే ధైర్యం నీకు లేకుండా చేశాను, నన్ను క్షమించమ్మా" అన్నారు. తర్వాత అందరం పాట పాడాం. దోమ పక్కన నిలబడి పాడాను. శ్రుతి ఏమైపోయినా పట్టించుకోలేదు.

ఇంతవరకూ బాగుంది. ఇప్పుడు అసలు బాధ. ఇంటికొచ్చిన మొదటి ఆదివారం అమ్మ నన్ను ముందు వరసలో కూర్చోబెట్టింది. అదే పాట పాడారు. నాకు ఏమీ అనిపించలేదు. ఫ్యాను తిరగడం చూస్తూ కూర్చున్నాను. మొన్న వారం కూడా అంతే. కొండ మీద ఉన్నది కొండ మీదే ఉండిపోయిందని భయమేస్తోంది. నాక్కూడా ఇంటికొచ్చాక పోయిందా మావయ్యా, నీలాగే? దోమ ఉత్తరాలు రాస్తోంది, మేమిద్దరం ఒకరికోసం ఒకరు ప్రార్థన చేసుకుంటున్నాం. నేను మోకరించి "ఉన్నావా" అని అడుగుతాను. జవాబు రావట్లేదు. అయినా అడక్కుండా పడుకోబుద్ధి కావట్లేదు. ఇది విశ్వాసమో అలవాటో నాకు తెలీదు.

పిట్ట


పళ్ళ గది

పిట్టకి,

ముందు దోమకి నా తరఫున చెప్పు. ఆ పిల్లకి ముసలితనంలో పళ్ళ సెట్టు ఉచితం.

నువ్వడిగినదానికి నేను పాస్టరులా జవాబు చెప్పలేను. నాకు తెలిసిన సంగతే చెబుతాను. కొత్త సెట్టు డాక్టరు గారి కుర్చీలో ఎప్పుడూ బ్రహ్మాండంగా ఉంటుంది. ఇంటికెళ్ళి రొట్టె కొరికితే అప్పుడు తెలుస్తుంది. ఒరుసుకుంటుంది, పుండు పడుతుంది, మాట తేడా వస్తుంది. కొందరు అది పనికిరాదని గ్లాసులో పడేస్తారు. వాళ్ళు మళ్ళీ రారు. కొందరు నొప్పెడుతున్నా పెట్టుకునే వచ్చి, "ఇదిగో ఇక్కడ ఒత్తుతోంది" అని వేలు పెట్టి చూపిస్తారు. అలా చూపించినవాళ్ళకే నేను సరిచేయగలను. నేను మొదటి రకం. నువ్వు ఇప్పుడు నాకు వేలు పెట్టి చూపిస్తున్నావు.

పోవడం అంటే అడగడం కూడా మానెయ్యడం. అది నాకు బాగా తెలుసు. నీది పోలేదు.

నా కోసం ప్రార్థన ఆపానన్నావు. మళ్ళీ మొదలుపెట్టమని అడగడానికి మొహం చెల్లట్లేదు. ఊరికే రాస్తున్నాను.

మావయ్య


మా ఇల్లు, నా గది, తలుపు గడియ పెట్టి

మావయ్యా,

వందనాలు వందనాలు. ఇది ఆగి రాసే విషయం కాదు.

నా బైబిల్లో ఆ కాగితం దాచుకున్నాను, "నిన్ను మర్చిపోలేదు" అన్నది. నువ్వే పెట్టించావని తెలిసినా పారెయ్యబుద్ధి కాలేదు. ఇవాళ అమ్మ నా బల్ల సర్దుతుంటే అది జారి కింద పడింది. తీసి చదివింది. చదివి అలాగే నిలబడిపోయింది. "ఈ మాట నీకెక్కడిదే" అంది. చేతిలో ఉతికిన బట్టలున్నాయి, అవి కింద పెట్టడం కూడా మర్చిపోయింది.

మొత్తం చెప్పేశాను. చీటీ, తలపిన్ను, ఆపిల్, నువ్వు, దోమ. తిడుతుందనుకున్నాను. మంచం మీద కూర్చుని, "వాడికి ఆ మాట ఇంకా గుర్తుందా" అంది.

మావయ్యా, మీ మూడో ఏడు నీ చీటీ అమ్మకి వచ్చింది.

సాక్సులు అమ్మే అల్లింది. అప్పుడప్పుడే అల్లడం నేర్చుకుంటోందట, ఆ ఒక్క జతకే శిబిరమంతా పట్టిందట, అందుకే నీకు ఇంకేమీ రాలేదు. ఆఖరి సాయంత్రం చెబుదామనుకుంటే వాన. బస్సులో చెబుదామనుకుంటే నువ్వు నిద్రపోయావు. "వచ్చే ఏడు మంట దగ్గర చెప్పొచ్చులే అనుకున్నాను. వచ్చే ఏడు వాడు రానన్నాడు" అంది. చెప్పేదాకా ఆట ముగిసినట్టు కాదు కదా. అమ్మ ఇప్పటికీ చెప్పలేదు. అందుకని ఇప్పటికీ ఆడుతోంది. ఏటా సాక్సులు. రోజూ ప్రార్థన. పొద్దున్నే పొయ్యి దగ్గర పెదాలు కదుపుతుంటే లోపల్లోపల పాడుకుంటోందనుకునేదాన్ని నేను. అది నీ పేరు.

"మరి ఫోన్ చేసి చెప్పొచ్చు కదా" అన్నాను. "చెబితే అయిపోతుంది. అయిపోతే నేను ఆపేస్తానేమోనని భయం" అంది. అమ్మకి భయం వేస్తుందని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

నీకు చెప్పనని ఒట్టు వేయించుకుంది. అందుకే చెప్పట్లేదు, రాస్తున్నాను.

అన్నట్టు నీ కోసం ప్రార్థన నేను మళ్ళీ మొదలుపెట్టాను. అసలు ఆపడం కుదర్లేదు. కోపంగా చేశాను, అంతే తేడా.

పిట్ట


పళ్ళ గది

పిట్టకి,

నీ ఉత్తరం పొద్దున్న వచ్చింది. ఇవాళ ఒక్క పన్ను కూడా పేర్చలేదు. డాక్టరు గారు మనిషిని పంపితే ప్లాస్టర్ ఆరలేదని అబద్ధం చెప్పాను.

ఇంటికెళ్ళి బీరువా కింది అర తీశాను. అన్నీ ఉన్నాయి. ఒక్కటీ తొడగలేదు నేను. మందంగా ఉంటాయని, గుచ్చుకుంటాయని అలాగే తోసేశాను. వరసగా మంచం మీద పరిచాను. మొదటి జత ఒక కాలుది పొడుగు, ఒక కాలుది పొట్టి. ఏడాది ఏడాదికీ అల్లిక బాగుపడుతూ వచ్చింది. కిందటేడు పంపినవి కొట్లో కొన్నవాటిలా ఉన్నాయి. మీ అమ్మకి సాక్సులు తప్ప ఇంకో ఊహ రాదని నేను ఎంతమందికి చెప్పి నవ్వానో.

అక్కకి బాగా భయపడే తమ్ముణ్ణి నేను. పక్కింటివాళ్ళ కిటికీ పగలగొట్టినా, పరీక్ష తప్పినా ముందు తనకే చెప్పేవాణ్ణి. ఇదొక్కటే చెప్పలేదు, నేను చర్చి మానేశానని. మానేసి ఊరుకున్నాను. తనూ ఒక్కనాడు అడగలేదు. పట్టించుకోలేదనుకున్నాను.

మొదటి జత తొడుక్కుని చూశాను. ఒక కాలికి మడమ దాటి మోకాలి దాకా వచ్చింది, ఇంకో కాలికి వేళ్ళ దగ్గరే ఆగిపోయింది. అలాగే కూర్చుని ఏడ్చాను. చుట్టుపక్కల ఎవరూ ఆవులించలేదు.

ఈ ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. పొద్దున్నే వస్తాను, మీరు చర్చికి బయల్దేరకముందే. ఎందుకని అడిగితే ఊరికే వచ్చానంటాను. నాకు వెనక బల్ల చాలు. ముందు వరస నువ్వే ఉంచుకో, ఫ్యాను చూసుకో. కిందటేటి సాక్సులు తొడుక్కుని వస్తాను. మీ అమ్మ గమనిస్తుంది. గమనించనట్టు ఉంటుంది.

ఒక్క మాట మాత్రం బాగా గుర్తు పెట్టుకో. నాకు తెలిసిపోయిందని మీ అమ్మతో అనకు. నీ మొహంలో కూడా కనపడనివ్వకు, తలపిన్ను నాటకం అంతబాగా ఆడినదానివి, ఇది కూడా ఆడు. ఆట అయిపోయిందని తెలిస్తే ఆపేస్తుందేమో.

నాకు ఇంకొన్నాళ్ళు కావాలి.

మావయ్య